అమ్మ జాతకంలో కుజుడు ఎన్నో ఇంట్లో

మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకొని చాలాసేపు చూసినాడు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయనీ, ఆపరేషన్ చెయ్యాల్సిందేననీ, ఇంకా నాన్చితే మంచం దిగడమే కష్టమౌతుందనీ బెంగాలీలో నెమ్మదిగా చెప్పినాడు. అమ్మ బుద్ధిగా విన్నది. మధ్యలో తల కూడా ఊపింది. హమ్మయ్య, ఒప్పుకుంటుంది అనుకున్నాను.

"ఆమార్ అష్టమే మంగళ్ ఆఛే బాబా, హబే నా" అంది.

తన జాతకంలో కుజుడు ఎనిమిదో ఇంట్లో ఉన్నాడు కాబట్టి కుదరదని దానర్థం. చెప్పేసి, చెప్పులేసుకొని, గోడ పట్టుకొని బయటికి నడిచింది. డాక్టరు నన్ను చూసినాడు, నేను డాక్టర్ని చూసినాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆఫీసంతా అంటారు. ఆ రోజు ఆటోలో ఇంటికొచ్చే దారంతా నేను అరుస్తూనే ఉన్నాను, అమ్మ రోడ్డు చూసుకుంటూ కూర్చుంది. మధ్యలో ఒకసారి మాత్రం "ఆటోవాడు భయపడతన్నాడే, మెల్లగా తిట్టు" అంది.

మాది ఖరగ్‌పూర్‌లో న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ. మా తాత రోజుల్లో శ్రీకాకుళం వైపు నించి రైల్వే వర్క్‌షాప్ పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన వాళ్ళం. మా ఆయనది వర్క్‌షాప్‌లో ఉద్యోగం, నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని. నాన్న పోయినప్పటి నించీ అమ్మ మా దగ్గరే ఉంటుంది. మా దగ్గర అంటున్నాను గానీ, బయటివాళ్ళకి అది అమ్మ క్వార్టర్. సాయంత్రమైతే వరండాలో కుర్చీ వేసుకొని కూర్చుంటుంది, జాతకాలు చూపించుకోడానికి జనం వస్తారు. మన తెలుగువాళ్ళు పెద్దమ్మా అంటారు, బెంగాలీ ఆడవాళ్ళు మాసీమా అంటారు. ఊరి పక్క సాలువా పోలీసు క్యాంపు నించి జవాన్ల పెళ్ళాలు కూడా వస్తారు, మొగుడి బదిలీ ఎప్పుడో కనుక్కోడానికి. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోదు. సొరకాయ తెస్తే మాత్రం వద్దనదు.

ఈ విద్య అమ్మకి వాళ్ళ మామగారు, అంటే మా తాత, నేర్పినాడు. ఆయన ఆరు రోజులు మెషిన్ దగ్గర నిలబడి, ఆదివారం పూట పంచాంగం పట్టుకొని కూర్చొనేవాడట. కొడుకులెవరికీ పట్టలేదు, కోడలికి పట్టింది. ఆయన ఒకసారి అమ్మ చక్రం చూసి, "అమ్మా, ఎనిమిదిలో కుజుడు. కత్తికి దూరంగా ఉండు" అన్నాడట. ఎనిమిదో ఇల్లంటే ఆయుస్సు, ఆపదలు. కుజుడంటే ఇనుము, నెత్తురు. పైగా ఇప్పుడు అమ్మకి కుజ దశ మొదలైంది, అది ఏడేళ్ళు నడుస్తుంది. ఇంక ఆపరేషన్ బల్ల ఎక్కమంటే ఎలా ఎక్కుతుంది?

"తాత అన్నది ఎప్పటి మాట! నువ్వే మళ్ళీ చూసుకోవచ్చు కదా?" అన్నాను.

"తన జాతకం తాను సూసుకోకూడదే. మీ తాత నేర్పిన మొదటి పాఠం అదే."

"అయితే గుడి పంతులుగారికి చూపిద్దాం."

"ఆయన ముహూర్తాలకి బంగారం. జాతకాలకి కాదు."

"మరెవరు చూడాలి? ఇంద్రుడా చంద్రుడా?"

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు నేర్చుకో. నేర్చుకొని, నీ నోటితో సెప్పు. ఎల్లమంటే ఎల్తాను, మానెయ్యమంటే మానేస్తాను."

ఇదేదో తప్పించుకొనే ఎత్తని నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను ఎన్నిసార్లు పక్కన కూర్చోబెట్టినా, మేషం వృషభం దాటకుండా లేచి పారిపోయిన దాన్ని. ఇప్పుడు ఈ వయసులో నేర్చుకుంటానా అని ఆవిడ ధీమా. కానీ నాకు ఆవిడ నడక కావాలి. మొన్న మొన్నటిదాకా మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. నాకు సెలవైన రోజు పొద్దున్నే పూరీ గేట్ కూరగాయల బజారు దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. అమ్మ వంకాయల మీద బేరం బెంగాలీలో మొదలుపెట్టి, హిందీలో పెంచి, వాడు ఒరియా వాడైతే ఒరియాలో ముగించేది. నేను వెనకాల సంచీ పట్టుకొని పడీ పడీ నవ్వేదాన్ని. ఇప్పుడు మంచం నించి వరండా కుర్చీకి రావడానికే రెండుసార్లు ఆగుతోంది. కాళ్ళు బయటికి వంగిపోతున్నాయి. ఆ నడక చూడలేకపోయేదాన్ని. అది కనపడనివ్వకుండా ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

సరే, నేర్చుకుంటానన్నాను. ఫోన్లో జాతకం యాప్ వేసుకొని మొదలుపెట్టినాను.

లగ్నం, రాశులు, గ్రహాలు వరకు ఫర్వాలేదు. వింటూ పెరిగిన మాటలే. తర్వాత ఆ యాప్ ఒక ప్రశ్న అడిగింది, ఏ భావ పద్ధతి కావాలని. నొక్కితే ఒకటా రెండా, కిందికి జారుతూ బోలెడున్నాయి. ఇళ్ళు లెక్కపెట్టడానికి ఇన్ని పద్ధతులేంటి నా తలకాయ అనుకుంటూ అమ్మ దగ్గరకెళ్ళినాను. అమ్మకి హుషారొచ్చింది. కాళ్ళ నొప్పి మర్చిపోయి విడమర్చి చెప్పింది.

రాశి చక్రంలో ఒక రాశి ఒక ఇల్లు. లగ్నం సింహమైతే సింహం మొత్తం మొదటి ఇల్లే, కన్య మొత్తం రెండోదే. మన క్వార్టర్ల వరసలాగ అన్నీ ఒకే కొలత, గోడలు కదలవు. భావ చక్రంలో అలా కాదు. పుట్టిన నిమిషానికి లగ్నం సింహంలో ఎక్కడుందో చూసి, ఆ చోటుని ఇంటికి నడిమధ్య అనుకుంటారు, అటూ ఇటూ గోడలు కడతారు. అప్పుడు రాశి మొదట్లోనో చివర్నో ఉన్న గ్రహం గోడ దాటి పక్కింట్లో పడొచ్చు.

"మరి ఏది నిజం?" అన్నాను.

"రెండూ పెద్దలు కట్టినవే."

"నువ్వు ఏది చూస్తావు?"

"రాశి చక్రమే. మీ తాత అదే సూసేవోడు" అంది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అమ్మది సింహ లగ్నం, కుజుడు మీనంలో, అదీ బాగా చివర్న. లగ్నం సింహం మొదట్లో గానీ ఉంటే భావ చక్రంలో కుజుడు గోడ దూకి తొమ్మిదో ఇంట్లో పడతాడు. తొమ్మిదంటే భాగ్య స్థానం! లగ్నం సింహం చివర్న ఉంటే మాత్రం ఎక్కడి దొంగ అక్కడే, ఎనిమిదిలోనే. అంటే అమ్మ ఎప్పుడు పుట్టిందో సరిగ్గా తెలిస్తే చాలు.

"ఎన్ని గంటలకి పుట్టినావమ్మా?"

"పొద్దున్న సైరన్ మోగినప్పుడు."

మా ఊళ్ళో పాతవాళ్ళ పుట్టుకలన్నీ ఇలాగే ఉంటాయి. గడియారాలు ఎవరికున్నాయి? వర్క్‌షాప్ సైరనే గడియారం. ఫలానావాడు మధ్యాహ్నం సైరన్‌కి పుట్టినాడు, ఫలానాది సాయంత్రం సైరన్‌కి. కానీ పొద్దుటిపూట సైరన్ ఒకసారి మోగి ఊరుకోదు. లేవడానికి ఒకటి, బయలుదేరడానికి ఒకటి, గేటు మూసేముందు ఒకటి. మొదటిదైతే లగ్నం సింహం మొదట్లో, ఆఖరిదైతే చివర్లో. ఏ సైరనని అడిగితే అమ్మకి తెలీదు. తాతకి ఆ అవసరం రాలేదు. రాశి చక్రానికి ఏ సైరనైనా సింహమే మరి. చెప్పగలిగింది మా అమ్మమ్మ ఒక్కతే, ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళైంది.

నేను మొదటి సైరన్ మీద పట్టుబట్టినాను. అమ్మ ఆఖరి సైరన్ మీద పట్టుబట్టింది. అమ్మమ్మ మగవాళ్ళకి బువ్వ పెట్టకుండా నొప్పులు పడే మనిషి కాదు, అందర్నీ పంపించే కనుంటుందని అమ్మ వాదన. అందర్నీ పంపించాలంటే మొదటి సైరన్‌కే లేచుంటుంది, లేవగానే నొప్పులొచ్చుంటాయని నా వాదన. ఇంట్లో వారం రోజులు ఇదే గొడవ. మా ఆయన కంచం ముందు కూర్చొని, "కూరలో ఉప్పు లేదు, ఏ సైరన్‌కి వేస్తారు?" అనేవాడు.

అదే వారం ఆదివారం పొద్దున్న వరండాలో టీ తాగుతున్నాను. మా ఆయన లోపల గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. మామూలు రోజైతే సైరన్‌కి ఉలిక్కిపడి లేచేవాడే. ఈవేళ ఆదివారం, సైరన్ లేదు కాబట్టి లేవలేదు. పక్కన కుర్చీలో అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా చేతిలో ఫోన్, ఫోన్లో అమ్మ చక్రం. చక్రం కింద తిథి, వారం, నక్షత్రం వరసగా ఉన్నాయి. వారం దగ్గర ఆదివారం అని ఉంది.

ఒక గుటక లోపలికి పోయింది, రెండో గుటక పొలమారింది.

"అమ్మా! నువ్వు పుట్టింది ఏ వారం?"

"ఆదివారం. తెలీనట్టు అడుగుతావేటే?"

"ఏ వేళప్పుడు?"

"సైరన్ మోగినప్పుడని ఎన్నిసార్లు..." అని, చిక్కుడుకాయ చేతిలో అలాగే పట్టుకొని ఆగిపోయింది.

ఆదివారం వర్క్‌షాప్‌కి సెలవు. ఆదివారం సైరన్ మోగదు. ఆదివారం పుట్టినానని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది, సైరన్‌కి పుట్టినానని ఇంకో వెయ్యిసార్లు చెప్పింది. వర్క్‌షాప్ అన్నం తిన్న ఇంట్లో మూడు తరాలు ఆ రెండు మాటలూ విన్నాం, ఒక్కరికీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాలని తోచలేదు. ఆదివారాలు పంచాంగం విప్పి కూర్చున్న మా తాతకీ తోచలేదు! సైరన్ లేదు కాబట్టే కదా ఆయన ఇంట్లో కూర్చున్నది.

"ఓలమ్మ ఓలమ్మ!" అని అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. చిక్కుడుకాయల చేట ఒళ్ళోంచి జారి కింద పడింది. నాకూ ఆగలేదు. మా ఆయన కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి, ఏమైంది ఏమైందని అడిగితే ఇద్దరం ఇంకా పగలబడి నవ్వినాం. "మరైతే మా అమ్మ విన్నది ఏటే? ఏదో ఇంజన్ కూతయ్యుంటాది!" అని మళ్ళీ నవ్వు. ఖరగ్‌పూర్‌లో ఇంజన్ కూతలకి లెక్కేముంది? ఆ పొద్దున్న ఏ బండి కూసిందో ఎవడు చెప్పగలడు?

నవ్వు నించి తేరుకున్నాక అసలు చిక్కు తట్టింది. టైము లేకపోతే లగ్నం ఎక్కడుందో తేలదు. తేలకపోతే కుజుడు ఎనిమిదో తొమ్మిదో నేను తేల్చలేను. తేల్చకపోతే అమ్మ ఆపరేషన్‌కి రాదు. అమ్మ వంగి చిక్కుడుకాయలు ఏరబోయి, మోకాలు సహకరించక మళ్ళీ కుర్చీలో కూలబడింది. నేనే ఏరినాను.

ఆ సాయంత్రం దిగాలుగా ఫోన్ కెలుకుతూ, ఏమీ తోచక, నా జాతకం వేసుకున్నాను. నేను రైల్వే ఆసుపత్రిలో పుట్టిన దాన్ని, నాకు నిమిషాలతో సహా టైముంది. ముందు రాశి చక్రం తీసినాను. ఐదో ఇంట్లో శని కూర్చొని ఉన్నాడు.

ఐదో ఇల్లు సంతానం.

పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు నాకు పిల్లలు కలగలేదు. ఆ రోజుల్లో ప్రతి నెలా ఏడ్చేదాన్ని. ఏడ్చిన ప్రతిసారీ అమ్మ నా చక్రం ముందేసుకొని ఒకే మాట చెప్పేది: "నీ ఐదో ఇల్లు తుడిసిన గచ్చులాగుంది. శని నాలుగులో ఉన్నాడు. సొంతిల్లు ఆలీసం సేత్తాడు, అంతే. పిల్లలకేటీ అడ్డులేదు." ఆ మాట పట్టుకొనే నేను నిద్రపోయేదాన్ని. ఆ మాట పట్టుకొనే మందులు మింగినాను, ఆసుపత్రుల చుట్టూ తిరిగినాను. చివరికి మా వాడు పుట్టినాడు, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. సొంతిల్లు మాత్రం ఇప్పటికీ లేదు.

భావ చక్రం నొక్కినాను. శని గోడ దాటి నాలుగులో పడినాడు.

ఫోన్ పట్టుకొని వరండాలోకి విసురుగా వెళ్ళినాను. "నువ్వు రాశి చక్రమే చూస్తానన్నావు కదా? మీ మామగారి పద్ధతే అన్నావు కదా? మరి నాకెందుకు భావ చక్రం చూసినావు? ఐదులో శని ఉంటే నాకెందుకు చెప్పలేదు?"

అమ్మ కంగారు పడలేదు. దొరికిపోయిన చిన్నపిల్లలాగ ఓరగా చూసింది.

"భావంలో నాలుగే గదే. అబద్ధం సెప్పలేదు."

"రాశిలో ఐదు!"

"ఔను, ఐదే. నువ్వు అక్కడ, ఆ మెట్టు మీద కూకొని ఏడుస్తన్నావు. నీ మొహం సూసి ఐదని సెప్పడానికి నాకు నోరెలగొస్తాది? ఐదంటే నువ్వు డాక్టరు దగ్గరికే ఎల్లవు. నాలుగంటే ఎల్తావు."

"మిగతా వాళ్ళకి కూడా ఇలాగేనా?"

"మరేటి! సాలువా నించి ఆ గుంట వస్తాది సూడు, మొగుడు దూరం డ్యూటీకెల్లినోడు. దానికి రెండు చక్రాలూ ఏసినాను. ఏ చక్రంలో దానికి నిద్ర పడతాదో అదే సెప్పినాను. రెండూ పెద్దలు కట్టినవే గదే."

"మరి నీకు? నీకు మాత్రం ఎనిమిది అని పట్టుకొని కూర్చున్నావేం? నువ్వూ నిద్రపోవచ్చు కదా!"

అమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని వాటినే చూస్తూ అంది: "నాకు నేనేసుకుంటే అది జాతకం కాదే, కోరిక. నాకెవరేస్తారు? మీ తాత పోయినాడు. నాకు బయమేస్తంది. కుజుడంటే కాదు, ఆ బల్లంటే. మత్తిచ్చినాక మళ్ళీ లేస్తానో లేదో. అందుకే గదా నిన్ను నేర్చుకోమన్నది. నీకు నేనేసినట్టు నువ్వు నాకెయ్."

ఇన్నాళ్ళూ అది తప్పించుకొనే ఎత్తనుకున్నాను. అడగడం చేతకాని మనిషి అడిగిన తీరది.

నేను మెట్టు మీద కూర్చున్నాను, ఒకప్పుడు ఏడ్చిన ఆ మెట్టు మీదే. ఫోన్ పక్కన పడేసినాను. అందులో చూడడానికి ఇంకేమీ లేదు. సైరన్ లేదు, టైము లేదు, ఉన్నదల్లా రెండు చక్రాలు, ఎదురుగా అమ్మ.

"భావ చక్రం" అన్నాను. "మొదటి సైరన్ వేళ. లగ్నం సింహం మొదట్లో. కుజుడు తొమ్మిదిలో, భాగ్యంలో ఉన్నాడు. నువ్వు బల్ల ఎక్కుతావు, దిగుతావు, పూరీ గేట్ దాకా నడుస్తావు. ఇదే నా ఫలితం. ఇంక మాట్లాడకు."

"ఆదివారం సైరనెక్కడిదే?"

"నేను మోగించినాను."

అమ్మ కళ్ళు తుడుచుకొని నవ్వింది. "సర్లే. డాక్టరుకి ఫోన్ సెయ్" అంది.

ఆపరేషన్‌ రోజు స్ట్రెచర్ తలుపు దాకా వెళ్ళినా అమ్మ నా చెయ్యి వదల్లేదు. నర్సు నవ్వుతూ నిలబడింది.

"తొమ్మిదే గదే?"

"తొమ్మిదే అమ్మా."

"గట్టిగా సెప్పు."

"తొమ్మిది!" అని అరిచినాను. ఆసుపత్రి వరండా అంతా తిరిగి చూసింది. నా కోపిష్టి గొంతు ఒక మంచి పనికి ఉపయోగపడింది ఆ రోజే. అమ్మ చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకున్నాక నేను గోడకి ఆనుకొని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కినాను. కుజుడికి రెండుసార్లు మొక్కినాను.

మొదట ఒక కాలు, కొన్ని నెలలాగి రెండోది. మధ్యలో కసరత్తు చేయించడానికి వచ్చిన అమ్మాయిని అమ్మ తిట్టని భాష లేదు. ఆ అమ్మాయికి పెళ్ళి సంబంధం కూడా చూసి పెట్టింది, రెండు చక్రాలూ వేసి.

మొన్న ఆదివారం పొద్దున్న పూరీ గేట్‌కి నడిచి వెళ్ళినాం. చేతిలో కర్ర ఉంది గానీ, అది ఎక్కువగా కుక్కల్ని అదిలించడానికే. కాళ్ళు తిన్నగా పడుతున్నాయి. నేను సంచీ పట్టుకొని వెనకాల ఆయాసపడుతున్నాను. వంకాయలవాడు ఆవిణ్ణి చూసి, "మాసీమా ఎసే గేఛే!" అని, అంటే మాసీమా వచ్చేసిందని అరిచి, ముందే ధర తగ్గించేసినాడు. బేరమాడే అవకాశం పోయిందని అమ్మకి కొంచెం చిరాకు కూడా వేసింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి, మెల్లిగా అంది: "కుజుడు ఎనిమిదిలోనే ఉన్నాడే."

"ఏంటి?"

"మా అమ్మ సెప్పేది, నన్ను కన్నప్పుడు ఎండ గుమ్మం దాటి మంచం దాకా వచ్చేసిందని. అంటే బాగా పొద్దెక్కినట్టే గదా. లగ్నం సింహం చివర్నుంటాది. భావంలో సూసినా ఎనిమిదే. ఆ ఆదివారం సాయంత్రమే నాకు గుర్తొచ్చింది, నువ్వు ఫోన్ పట్టుకొని అరుస్తా వచ్చే ముందర."

నేను నడిరోడ్డు మీద నిలబడిపోయినాను. వెనక రిక్షావాడు గంట కొట్టినాడు.

"మరి తెలిసి ఎందుకెక్కినావమ్మా ఆ బల్ల?"

"నువ్వు తొమ్మిదన్నావు గదే" అంది అమ్మ. కర్ర చంకలో పెట్టుకొని, నా చేతిలోంచి సంచీ అందుకొని ముందుకు నడిచింది.